పర్మిషన్ లేకుండా ధర్నా చేస్తే నేరమేనా? డీసీఎం (పోలీసు వ్యాన్) ఎక్కించే ముందు, ఎక్కించాక జరిగే లెక్క

ఎవరో ఒకరు ఛలో అసెంబ్లీ అని పిలుపిస్తారు. ముందురోజు రాత్రికే టీవీ కింద స్క్రోలింగ్ మొదలు: ముందస్తు అరెస్టులు, నేతల హౌస్ అరెస్ట్, అసెంబ్లీ దగ్గర భారీ బందోబస్తు. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో రెండు జట్లు తయారు. ఇదేం ప్రజాస్వామ్యం అని ఒకళ్లు, పర్మిషన్ లేకుండా రోడ్డెక్కితే హారతి పడతారా అని ఇంకొకళ్లు. ప్రభుత్వం మారితే వీళ్ల డైలాగులు వాళ్లకి, వాళ్ల డైలాగులు వీళ్లకి వెళ్లిపోతాయి, అది వేరే సంగతి.

ఈ గోలలో ఒక ప్రశ్న ఎవరూ అడగరు. పర్మిషన్ అంటే ఎవరి పర్మిషన్, ఏ చట్టం కింద, ఇవ్వకపోతే ఏమవుతుంది? నిరసన హక్కు ఉందా లేదా అని కొట్టుకోవడం టైం వేస్ట్, ఉంది, సుప్రీంకోర్టుకు ఆ విషయంలో 60 ఏళ్లుగా డౌట్ లేదు. హైదరాబాద్‌లో రోజువారీగా తేలేదంతా ఆ హక్కు కింద ఉండే చిన్న చిన్న కాగితాల దగ్గరే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని కమిషనర్ సంతకం పెట్టే ఆర్డర్ దగ్గర, స్టేషన్‌లో కానిస్టేబుల్ పేర్లు రాసుకునే తెల్ల కాగితం దగ్గర. అందుకే ఆ కాగితాల సంగతే చూద్దాం.

రాజ్యాంగం ఇచ్చిందెంత, పట్టుకుందెంత

ఆర్టికల్ 19(1)(ఎ) మాట్లాడే స్వేచ్ఛ. 19(1)(బి) గుమిగూడే స్వేచ్ఛ, దానికి అక్కడే రెండు షరతులు ఉన్నాయి: శాంతియుతంగా ఉండాలి, ఆయుధాలు ఉండకూడదు. ఆ తర్వాత 19(2), 19(3) వచ్చి ప్రభుత్వం "సహేతుకమైన ఆంక్షలు" పెట్టొచ్చు అంటాయి, శాంతిభద్రతల కోసం, దేశ సమగ్రత కోసం, ఇలా కొన్ని కారణాలతో. ట్రాఫిక్ జామ్ అనే మాట ఆ లిస్టులో ఎక్కడా ఉండదు గానీ శాంతిభద్రతల గొడుగు కిందకి దాన్నీ లాక్కొస్తారు.

ప్లకార్డు పట్టుకుని నిలబడటం కూడా ఒకరకంగా మాట్లాడటమే అని సుప్రీంకోర్టు 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పింది. 1972లో అహ్మదాబాద్ నుంచి వచ్చిన హిమత్‌లాల్ షా కేసు ఇంకా ముఖ్యం. రోడ్ల మీద సభలకు ముందు పర్మిషన్ తీసుకోమనడం తప్పేం కాదు, కానీ ఏ ప్రాతిపదికన ఇస్తారో ఏ ప్రాతిపదికన కాదంటారో చెప్పకుండా మొత్తం ఆఫీసర్ ఇష్టానికి వదిలేసే రూల్ చెల్లదు అని కొట్టేశారు. అంటే వేళలు, రూటు, మైకు, ఎంతమంది, ఇవి పోలీసులు చెప్పొచ్చు. అసలు వద్దే వద్దు అనాలంటే మాత్రం గట్టి కారణం కావాలి.

ఇంకో చిక్కు, మనం ధర్నా, సమ్మె, బంద్ అన్నీ ఒకే గాటన కట్టేస్తాం. చట్టం అలా కట్టదు. సమ్మె చేసే ప్రాథమిక హక్కు ప్రభుత్వ ఉద్యోగులకు లేదని 2003లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బలవంతంగా షాపులు మూయించే బంద్ రాజ్యాంగ విరుద్ధమని కేరళ హైకోర్టు 1997లో అంటే అదే ఏడాది సుప్రీంకోర్టు సరే అంది. కాబట్టి ఒకే మనిషి పొద్దున ధర్నాలో కూర్చుంటే హక్కు, మధ్యాహ్నం వెళ్లి షట్టర్లు దింపిస్తే కేసు.

"144 పెట్టారు", "30 యాక్ట్ అమల్లో ఉంది": ఈ నంబర్లేంటి

పాత 144 సెక్షన్ 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్‌లో (సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163 అయ్యింది, పేపర్లు ఇంకా 144 అనే రాస్తున్నాయి, మనమూ అలానే అంటున్నాం. అత్యవసరంగా ప్రమాదమేదో ముంచుకొస్తుందనుకుంటే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ రాతపూర్వకంగా ఇచ్చే ఆర్డర్ ఇది. మామూలుగా రెండు నెలలు, రాష్ట్ర ప్రభుత్వం కావాలంటే ఇంకో ఆరు నెలల దాకా పెంచుకోవచ్చు.

జిల్లాల్లో వినిపించే 30 యాక్ట్ అంటే 1861 నాటి పోలీస్ యాక్ట్‌లో సెక్షన్ 30. సిపాయిల తిరుగుబాటు అయిన నాలుగేళ్లకు బ్రిటిష్ వాళ్లు రాసుకున్న చట్టం. ఊరేగింపులకు లైసెన్స్ అడిగే అధికారం, వాటిని కంట్రోల్ చేసే అధికారం ఇందులో ఉంది, ఏకంగా నిషేధించే అధికారం ఉందా అంటే అక్కడే గొడవ. ఆంధ్రప్రదేశ్ గుర్తుంది కదా, 2022 డిసెంబర్ చివర్లో కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోతే 2023 జనవరి 2న రోడ్ల మీద సభలు వద్దంటూ జీవో నంబర్ 1 తెచ్చారు, కారణం చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది, కానీ అదే ఏడాది మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది.

హైదరాబాద్‌కి ఈ రెండూ కాక సొంతంగా ఇంకోటి ఉంది, హైదరాబాద్ సిటీ పోలీస్ యాక్ట్, 1348 ఫస్లీ. ఫస్లీ అంటే నిజాం కాలపు లెక్క, మన క్యాలెండర్లో 1938-39 ప్రాంతం. నిజాం పోయాడు, సంస్థానం పోయింది, యాక్ట్ ఉంది. పైగా సిటీలో కమిషనర్‌కే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ అధికారాలు ఉంటాయి. వేరే జిల్లాలో పోలీసులు అడిగితే కలెక్టరో ఆర్డీవోనో చూసి ఆర్డర్ ఇస్తారు, ఇక్కడ అడిగేదీ ఇచ్చేదీ అమలు చేసేదీ ఒకే బిల్డింగ్. ఇంత పెద్ద సిటీలో నిమిషాల మీద నిర్ణయం తీసుకోవాలి, ఫైలు తిరుగుతూ కూర్చుంటే కుదరదు అని పోలీసులు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. కానీ మధ్యలో ఇంకో మనిషి చూసే అవకాశం పోయిందన్నదీ నిజమే.

2024 అక్టోబర్ 27న ఇలాంటి ఆర్డరే వచ్చింది, నవంబర్ 28 దాకా సిటీలో ఐదుగురు అంతకంటే ఎక్కువ మంది గుమిగూడొద్దు, ధర్నాలు ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌లోనే చేసుకోండి అని. దీపావళికి నాలుగు రోజుల ముందు కావడంతో కర్ఫ్యూ పెట్టారట, పటాకులు కాల్చొద్దట అని ఊరంతా పాకింది. దీపావళికీ దీనికీ సంబంధం లేదు అని కమిషనరే వచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆర్డర్ పూర్తి పాఠం చదివినవాళ్లు ఎంతమందో దీన్ని బట్టే అర్థమవుతుంది. సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనురాధా భసిన్ కేసులో చెప్పిందీ ఇదే, 144 ఆర్డర్లు జనానికి తెలిసేలా ప్రచురించాలి, కారణాలు రాయాలి, గడువు అయిపోగానే మళ్లీ మళ్లీ అదే ఇవ్వడం అధికార దుర్వినియోగం, అసలు న్యాయమైన అభిప్రాయాల్ని తొక్కడానికి దీన్ని వాడొద్దు.

కాగితం నుంచి నేరం పుట్టే దారి

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కాలనీలో వారంగా నీళ్లు రావట్లేదు. 30 మంది, ఎక్కువ ఆడవాళ్లు, ఖాళీ బిందెలు పట్టుకుని వాటర్ వర్క్స్ ఆఫీసు గేటు ముందు కూర్చున్నారు. రాళ్లు లేవు, తిట్లు కొంచెం ఉన్నాయి.

నిషేధ ఉత్తర్వు లేని రోజైతే ఇది పెద్దగా ఏ నేరమూ కాదు. ఐదుగురి కంటే ఎక్కువ ఉన్నారు కాబట్టి చట్టవిరుద్ధ సమూహం అని చాలామంది అనుకుంటారు, తప్పు. బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 189 ప్రకారం ఐదుగురు ఉండటం ఒక్కటే చాలదు, ఉమ్మడి ఉద్దేశం చట్టవిరుద్ధమై ఉండాలి, బలప్రయోగమో, నేరం చేయడమో, అలాంటిది. లేకపోతే ప్రతి పెళ్లి బరాతూ చట్టవిరుద్ధ సమూహమే. మహా అయితే రోడ్డుకు అడ్డంగా ఉన్నారని 285 కింద జరిమానా.

ఇప్పుడు నిషేధ ఉత్తర్వు ఉన్న రోజు అనుకోండి. అవే బిందెలు, అదే గేటు. ఆర్డర్ ఉల్లంఘన అని బీఎన్ఎస్ 223 వస్తుంది, పాత 188. అది పోలీసులు వారెంట్ లేకుండా అరెస్ట్ చేయగలిగే నేరం. అలాంటి నేరం జరగబోతోందని తెలిస్తే, వేరే దారిలో ఆపలేమనుకుంటే ముందే పట్టుకోవచ్చని బీఎన్ఎస్ఎస్ 170 అంటుంది, ఇదే మనం వినే ముందస్తు అరెస్ట్, పాత 151. చూశారా, ఆర్డర్ వల్ల కూర్చోవడం నేరం అయ్యింది, కూర్చోవడం నేరం అయ్యింది కాబట్టి కూర్చోకముందే పట్టుకోవచ్చు. బిందెలు పట్టుకున్న మనుషుల్లో మారిందేమీ లేదు.

ఈ గొలుసులో రెండు బలహీనమైన చోట్లు ఉన్నాయి. ఒకటి, 223 పడాలంటే ఆర్డర్ మీరడం ఒక్కటే సరిపోదు, దానివల్ల అడ్డంకో, ఇబ్బందో, ప్రమాదమో కలగాలి లేదా కలిగే అవకాశం ఉండాలి. రెండు, ఈ కేసుని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఆర్డర్ ఇచ్చిన అధికారో ఆయన పైఅధికారో రాతపూర్వకంగా కోర్టుకు కంప్లయింట్ ఇవ్వాలి, బీఎన్ఎస్ఎస్ 215. ఊరికే ఎఫ్ఐఆర్ కట్టి ఛార్జిషీటు వేసిన 188 కేసులు హైకోర్టుల్లో ఎన్నో కొట్టుకుపోయాయి దీనివల్లే. అందుకే 188తో పాటు విధులకు ఆటంకం, దౌర్జన్యం లాంటి సెక్షన్లు కూడా జత చేస్తుంటారు, నా ఉద్దేశంలో ఎఫ్ఐఆర్‌లో ముందుగా చూడాల్సింది ఈ జత చేసినవే.

డీసీఎం ఎక్కాక మీరు అరెస్టయినట్టా, కానట్టా

హైదరాబాద్‌లో ధర్నాకు వెళ్లినవాళ్లెవర్ని అడిగినా ఈ సీన్ చెప్తారు. ఇద్దరు చేతులు పట్టుకుంటారు, ఇద్దరు కాళ్లు, డీసీఎం వెనక తలుపు దగ్గర ఒకాయన నిలబడి పైకి లాగుతుంటాడు, చెప్పు ఒకటి కిందే ఉండిపోతుంది. వ్యాన్ దగ్గర్లోని స్టేషన్‌కి పోదు, సిటీ ఆ చివర్లో ఎక్కడికో పోతుంది. అక్కడ చెట్టు కిందో హాల్లోనో కూర్చోబెట్టి పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబర్ రాసుకుంటారు, మధ్యాహ్నం పులిహోర ప్యాకెట్, సాయంత్రం సొంత పూచీకత్తు మీద సంతకం, ఇక పోండి. ఎస్ఐని అడిగితే "అరెస్టేం గాదన్నా, జర్ర అదుపులకు తీస్కున్నం గంతే" అంటాడు.

చాలాకాలం ఈ "అదుపులోకి" అన్నదానికి చట్టంలో సరైన చోటే లేదు. మిమ్మల్ని వెళ్లనివ్వకపోతే అది అరెస్టే, పేరు ఏది పెట్టినా, అప్పుడు ఆర్టికల్ 22 వర్తిస్తుంది: కారణం చెప్పాలి, లాయర్‌ని కలవనివ్వాలి, 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 172 అని ఒకటి చేర్చారు. పోలీసు చట్టబద్ధంగా ఇచ్చిన ఆదేశాన్ని ఎవరైనా పాటించకపోతే వాళ్లను అక్కణ్ణుంచి తొలగించొచ్చు, నిర్బంధించొచ్చు, చిన్న విషయమైతే 24 గంటల్లోపు వీలైనంత త్వరగా వదిలేయొచ్చు. ఎప్పటినుంచో జరుగుతున్నదానికి లెక్కాపత్రం వచ్చింది, మంచిదే కదా అనేవాళ్లున్నారు. లెక్క లేకుండా పట్టుకెళ్లడానికి లైసెన్స్ ఇచ్చారు అనేవాళ్లూ ఉన్నారు. ఆదేశం "చట్టబద్ధమైనది" అయితేనే అన్న మాట అందులో ఉంది, ముందు ముందు కోర్టుల్లో వాదనంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుందని నాకనిపిస్తుంది.

అరెస్టే అయితే ఇంకొన్ని ఉన్నాయి. అరెస్ట్ చేసే పోలీసు పేరు కనిపించేలా నేమ్ ప్లేట్ ఉండాలి, ఇది 1996 డీకే బసు తీర్పు నుంచి ఉన్నదే. ఇంట్లోవాళ్లకు కబురు చెప్పాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లను అరెస్ట్ చేయకూడదు, తప్పనిసరైతే మహిళా అధికారి మెజిస్ట్రేట్ దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి.

ఇక హౌస్ అరెస్ట్. లీడర్ ఇంటి గేటు బయట ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురు కానిస్టేబుళ్లు, లోపల్నుంచి లీడర్ గారు సెల్ఫీ వీడియో. పోలీసులు తమంతట తాము ఒక మనిషిని ఆయన ఇంట్లోనే బంధించే సెక్షన్ బీఎన్ఎస్ఎస్‌లో నాకైతే కనపడలేదు. గృహ నిర్బంధం గురించి సుప్రీంకోర్టు 2021లో నవలఖా కేసులో మాట్లాడింది, కానీ అది కోర్టు ఆదేశంతో పెట్టే కస్టడీ సంగతి. మొత్తం వ్యవహారంలో ఎక్కువగా వాడేదీ, చట్టం బలం తక్కువున్నదీ ఇదే. వాడటానికి కారణం కూడా సింపుల్, కేసు లేదు, కాగితం లేదు, సాయంత్రానికి కానిస్టేబుళ్లు లేచిపోతే కోర్టులో ఛాలెంజ్ చేయడానికి చేతిలో ఏమీ మిగలదు.

ధర్నా చౌక్: చోటు చూపిస్తే చాలా?

ఇందిరా పార్క్ పక్క రోడ్డు ఎప్పుడైనా పొద్దున పదకొండుకు చూడండి. వరసగా షామియానాలు, ఒకదాంట్లో అంగన్‌వాడీ టీచర్లు, పక్కదాంట్లో కాంట్రాక్ట్ లెక్చరర్లు, ఆ పక్కన ఏదో కుల సంఘం, ముగ్గురి మైకులు ఒకదాని మీద ఒకటి, మధ్యలో సమోసాల బండివాడికి మాత్రం అందరి డిమాండ్లూ ఓకే.

2017లో టీఆర్ఎస్ ప్రభుత్వం దీన్ని మూసి ధర్నాలు ఊరి బయటికి పొమ్మంది. వాకింగ్‌కి వచ్చేవాళ్లకు, కాలనీవాళ్లకు ఇబ్బంది అన్నది కారణం. రోజూ లౌడ్‌స్పీకర్ల మధ్య బతికేవాళ్ల బాధ కల్పితమేం కాదు. మే 15న కోదండరాం జేఏసీ, లెఫ్ట్ పార్టీలు కలిసి ధర్నా చౌక్ ఆక్రమణ అంటే అక్కడ వీళ్లకూ, చౌక్ వద్దంటూ వచ్చిన స్థానికులకూ గొడవైంది, ఆ స్థానికుల్లో మఫ్టీ పోలీసులున్నారని ప్రతిపక్షాలు ఆరోపించాయి. 2018లో హైకోర్టు మధ్యంతరంగా అక్కడ ధర్నాలకు ఓకే చెప్పింది. 2021 నవంబర్ 18న వడ్ల కొనుగోలు మీద కేంద్రానికి వ్యతిరేకంగా ముఖ్యమంత్రి కేసీఆరే వచ్చి మహాధర్నా చేశారు, ఎక్కడా అంటే అదే ఇందిరా పార్క్ దగ్గర.

ఢిల్లీ జంతర్ మంతర్‌కి ఇదే జరిగింది. 2017లో గ్రీన్ ట్రిబ్యునల్ ధర్నాలు ఆపేస్తే 2018 జూలైలో సుప్రీంకోర్టు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కేసులో పూర్తి నిషేధం కుదరదంది. కాలనీవాళ్లకు ప్రశాంతంగా ఉండే హక్కు ఉంది, ధర్నావాళ్లకు వినాల్సినవాళ్లకు వినపడేంత దగ్గర్లో ఉండే హక్కు ఉంది, రెండూ కుదిరేలా గైడ్‌లైన్స్ రాయండి అంది. మరి 2020 అక్టోబర్‌లో షహీన్ బాగ్ (ఢిల్లీలో సీఏఏకు వ్యతిరేకంగా రోడ్డు మీద సాగిన ధర్నా) తీర్పులో రోడ్డును ఎంతకాలమైనా ఆక్రమించుకుంటామంటే కుదరదు, నిరసనలు కేటాయించిన చోటే ఉండాలి అంది. రెండు తీర్పులూ ఒకే కోర్టువి, పోలీసుల లాయర్ రెండోది చదువుతాడు, పిటిషనర్ లాయర్ మొదటిది చదువుతాడు.

కేటాయించిన చోటు అనేది విద్యార్థులకు అసలు అతకదు. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ చూడండి. 2025 మార్చి 30, ఉగాది రోజు, జేసీబీలు దిగాయి, సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం వెళ్లారు, పోలీసులు వ్యాన్లెక్కించారు. చెట్లు కొడుతున్నది గచ్చిబౌలిలో అయితే వాళ్లు ఇందిరా పార్క్‌కి వచ్చి కూర్చుంటే ఏం లాభం? ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. మరోవైపు ఆఫీసర్ కోణం కూడా ఉంది, కదులుతున్న జేసీబీ ముందుకు పిల్లలు ఉరుకుతుంటే చూస్తూ నిలబడి ఎవరికైనా ఏమైనా అయితే మొదట అడిగేది పోలీసుల్నే.

లాఠీ ఎప్పుడు లేవాలి

బీఎన్ఎస్ఎస్ 148 ప్రకారం ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలి, పోకపోతేనో పోమని మొండికేసినట్టు కనిపిస్తేనో బలం వాడొచ్చు. ఆ ఆదేశం ఇవ్వాల్సింది ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటో స్టేషన్ ఇన్‌ఛార్జో, ఆయన లేకపోతే కనీసం ఎస్ఐ స్థాయి. ముందుకొచ్చిన కానిస్టేబుల్ సొంతంగా మొదలుపెట్టేది కాదు. తల మీద, మెడ ఎముక మీద కొట్టొద్దన్నది పోలీసులకు నేర్పే పాఠమే. 2012లో రాంలీలా మైదాన్ కేసులో అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీదికి వెళ్లడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది, పర్మిషన్ రద్దు చేసినా లేచి వెళ్లడానికి టైం ఇవ్వాలి కదా అని. బలం ఎక్కడిదాకా పోగలదో చెప్పడానికి మనకు ఢిల్లీ దాకా అక్కర్లేదు, 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల మీద అసెంబ్లీకి వెళ్తున్నవాళ్ల మీద బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పుల్లో ముగ్గురు పోయారు.

పోలీసుల గురించి మాట్లాడేటప్పుడు ఇదీ చెప్పాలి, మనకున్న నిరసన హక్కు వాళ్లకు లేదు. ఆర్టికల్ 33, 1966 నాటి చట్టం కలిపి వాళ్ల సంఘాలు, నిరసనల మీద గట్టి ఆంక్షలు పెట్టాయి. 2024 అక్టోబర్‌లో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు, పిల్లలు ఏక్ పోలీస్ (పోలీసులందరికీ ఒకే విధానం) కావాలని, డ్యూటీలు భరించలేకపోతున్నారని రోడ్డెక్కారు, తర్వాత కానిస్టేబుళ్లే దిగారు, 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని డిస్మిస్ చేశారు. పైన చెప్పిన అక్టోబర్ 27 ఆర్డర్ సరిగ్గా ఆ రోజుల్లోదే.

నిరాహార దీక్షకు కొత్త చిక్కు

కేసీఆర్ 2009 నవంబర్ 29న సిద్దిపేటలో దీక్షకు బయల్దేరితే కరీంనగర్ దగ్గర అలుగునూరులోనే పోలీసులు పట్టుకుని ఖమ్మం తీసుకెళ్లారు, ఆ ముందస్తు అరెస్ట్ ఎటు దారితీసిందో అందరికీ తెలుసు. కొత్త బీఎన్ఎస్‌లో మామూలు ఆత్మహత్యాయత్నం సెక్షన్ తీసేశారు గానీ 226 అని పెట్టారు: ప్రభుత్వోద్యోగిని తన విధి చేసేలా గానీ చేయకుండా గానీ ఒత్తిడి పెట్టడానికి ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా సమాజ సేవ. పెట్రోల్ డబ్బా పట్టుకుని వాటర్ ట్యాంక్ ఎక్కేవాళ్ల కోసం అని ఒక వాదన. మరి ఆమరణ దీక్ష దీని కిందకి వస్తుందా? దీక్ష చేసేవాడి ఉద్దేశం చావడం కాదు, డిమాండ్ నెగ్గించుకుని నిమ్మరసం తాగడం, కాబట్టి రాదని ఒకళ్లు. "ఆమరణ" అని నువ్వే బ్యానర్ కట్టుకున్నావు కదా అని ఇంకొకళ్లు.

కేసు తోక ఎంత పొడుగు

పెద్ద పార్టీలకు ఇదంతా పెద్ద సమస్య కాదు. పర్మిషన్ రాకపోతే హైకోర్టులో లంచ్ మోషన్ (అదే రోజు అర్జెంటుగా వినమని వేసే పిటిషన్) వేస్తారు, ఇంతమందే ఉండాలి, ఇన్ని గంటలకే ముగించాలి, రెచ్చగొట్టే మాటలొద్దు అని షరతులతో ఆర్డర్ తెచ్చుకుంటారు. బిందెల కాలనీవాళ్లకు ఆ లాయరూ లేడు, ఆ ఫీజూ లేదు.

అన్నిటికంటే భయపడేది అశోక్‌నగర్‌లో రూముల్లో ఉండి గ్రూప్స్‌కి చదివేవాళ్లు. 2024 అక్టోబర్‌లో జీవో 29 (గ్రూప్-1 మెయిన్స్ ఎంపికలో రిజర్వేషన్ల లెక్క మార్చిన జీవో) మీద గ్రూప్-1 అభ్యర్థులు రోడ్డెక్కినప్పుడు చాలామంది మొహానికి కర్చీఫ్ కట్టుకున్నది ఎండకు కాదు. రేపు ఉద్యోగం వస్తే అటెస్టేషన్ ఫారంలో మీ మీద ఏదైనా కేసు ఉందా అనే కాలమ్ ఉంటుంది. దీని మీద 2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో చెప్పినది ఆ రూముల్లో గోడకు అంటించుకోవాల్సిన మాట. కేసును దాచిపెట్టడం తప్పే, కానీ అది చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిన్నపాటి కేసైతే, చెప్పి ఉన్నా ఉద్యోగానికి అనర్హుణ్ణి చేసేది కాకపోతే, దాచినదాన్ని కూడా యజమాని తన విచక్షణతో వదిలేయొచ్చు అంది. నినాదాలు అన్న ఉదాహరణ కోర్టు ఇచ్చిందే. అయితే "వదిలేయొచ్చు" అంది గానీ "వదిలేయాలి" అనలేదు, పైగా ఎఫ్ఐఆర్‌లో 223 ఒక్కటే ఉంటే ఇది పనికొస్తుంది, పక్కన పోలీసు మీద దౌర్జన్యం అని 132 కూడా ఉంటే దాన్ని చిన్న కేసు అని ఒప్పించడం వేరే పోరాటం.